నూనె గుంపు

రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి.

ఎర్రది మందు తాగిన ఎలుకల గీత. నీలంది ఉత్త నూనె తాగిన ఎలుకల గీత. వారాలు గడిచేకొద్దీ గడ్డ ఎంత పెరిగిందో ఆ గీతలు చెబుతాయి. మందు పనిచేసి ఉంటే నీలం గీత పైకి పోవాలి, ఎర్రది కింద ఉండిపోవాలి. తెర మీద రెండూ కలిసే బయల్దేరాయి, కలిసే ఆగాయి.

"అయితే అయిపోయినట్టే," అన్నాడు పెద్దాయన.

ఆ పరిశోధనశాలకు అధిపతి ఆయన. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. బల్లకు ఇటు పక్కన ముగ్గురు. జంతువుల బాగోగులు చూసే వెటర్నరీ డాక్టరమ్మ. కింది అంతస్తులో రక్తం పరీక్షించే మెషిన్లు నడిపే కెమిస్టు. ఆ ఇద్దరి మధ్య, ప్రయోగం చేసిన మనిషి. ఆ భవనంలో ఆమెను ఎలకలమ్మ అంటారు. మొదట్లో వెనకాల అనేవారు. తర్వాత ఆమే ఫోనెత్తి "ఎలకలమ్మని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టింది. దాంతో వెనకాల అనేవాళ్లకు సరదా పోయింది.

ప్రయోగం రొమ్ము క్యాన్సర్ మీద. అందులోనూ హార్మోన్ మందులకు లొంగని రకం మీద. ఆ కణాలను గాజు పళ్లెంలో పెంచి, ఆడ ఎలుక రొమ్ము దగ్గరి కొవ్వులోకి సూదితో ఎక్కిస్తారు. గడ్డ బఠానీ గింజంత అయ్యాక సగం ఎలుకలకు నూనెలో కలిపిన మందు, మిగతా సగానికి ఉత్త నూనె. గొంతులోంచి గొట్టం దించి రోజూ కడుపులో పోస్తారు. గడ్డను కాలిపర్ అనే కొలత పరికరంతో కొలుస్తారు. ఏ ఎలుక ఏ గుంపో కొలిచే మనిషికి తెలియకూడదు. సిరంజిలు నింపి నంబర్లు వేసేది కెమిస్టు. చెవి నంబరు చూసి ఆ నంబరు సిరంజి పోసేది ఎలకలమ్మ. ఏ నంబరు ఏ గుంపో ఆ పొద్దునే విప్పి చూశారు.

"మందు తయారుచేసినవాళ్లకి నేను ఫోన్ చేస్తాను," అన్నాడు పెద్దాయన. "మిగిలిన సీసాలు వెనక్కి పంపించేద్దాం. శుక్రవారం ఎలకల్ని మత్తిచ్చి తీసేయండి. సోమవారం నుంచి ఆ గది ఎముకల జబ్బుల మీద పనిచేసేవాళ్లకి ఇస్తానని మాటిచ్చాను."

"వెనక్కి పంపిస్తే వాళ్లు ఇంకోచోట చేయిస్తారా సార్?" అంది ఎలకలమ్మ.

"ఎందుకు చేయిస్తారు? ఇక్కడ పనిచేస్తే మనుషుల దాకా తీసుకెళ్దాం, లేకపోతే మూసేద్దాం అన్నారు. ముందు అనుకున్న మాటే కదా."

ఎలకలమ్మ తెర దగ్గరికి నడిచి నీలం గీత మీద వేలు పెట్టింది.

"ఎర్ర గీత సంగతి తర్వాత. ఈ నీలంది ఇంత కింద ఎందుకుంది? ఇవే కణాలు. కిందటిసారి ఉత్త నూనె తాగినవాటికి గడ్డ దీనికి రెండింతలు పెరిగింది. అంతకుముందూ అంతే."

"కణాలు ఫ్రీజర్లో ఉండి ఉండి మందగించి ఉంటాయి. అవుతూనే ఉంటుంది."

"మరి ఈ చుక్క?"

రెండు గీతలకూ పైన, తెర అంచున ఒక చుక్క ఉంది. దానికి గీత లేదు. అది లెక్కలో లేని ఎలుక. ఆ ఎలుకకు తోటి ఎలుకల మీసాలు పీకే అలవాటు. దాని బోనులో మిగతా నాలుగింటికీ మూతులు నున్నగా అయిపోతే, డాక్టరమ్మ దాన్ని విడిగా ఇంకో బోనులో పెట్టించింది. గదిలో దాని పేరు మీసాల దొంగ. ఒంటరిగా ఉంచిన ఎలుకలో గడ్డ పెరిగే తీరు మారవచ్చు కాబట్టి, దాన్ని కొలిచారు గానీ సగటులో కలపలేదు.

"అది ఏ గుంపు?" అని కెమిస్టును అడిగింది ఎలకలమ్మ.

"నూనె గుంపే మేడం."

"కిందటిసారి నూనె గుంపుకి ఎంత పెరిగిందో దీనికి అంతే పెరిగింది. కణాలు మందగిస్తే దీనికెందుకు మందగించలేదు?"

"దిగులు," అన్నాడు పెద్దాయన. "ఒంటరిగా ఉంది, దిగులుపడింది, గడ్డ పెరిగింది. దాన్ని లెక్కలోంచి తీసెయ్యమన్నది కూడా నువ్వే. చూడమ్మా, ఒక్క ఎలకని పట్టుకుని వేలాడకు. రిపోర్టులో ఒక్క వాక్యం. మందు పనిచెయ్యలేదు. కింద నీ సంతకం, నా సంతకం. దానికింత ముఖం మాడ్చుకోవడం దేనికి? నా సర్వీసులో ఇలాంటివి ఎన్ని పాతిపెట్టానో నాకే గుర్తులేదు."

"నాకు గుర్తుంటాయి సార్," అంది ఎలకలమ్మ, తిరిగి వచ్చి కూర్చుంటూ.

డాక్టరమ్మ బల్ల కింద ఆమె కాలు తొక్కింది.

*

ఇంటికి వెళ్లేసరికి అత్తగారు భోజనాల బల్ల నిండా వాలీబాల్ నెట్ పరుచుకుని చిరుగులు కుడుతోంది. బడిలో ఆటల టీచరుగా చేసి రిటైరైన మనిషి. పక్క వీధి బడివాళ్లు నెట్ చిరిగినప్పుడల్లా ఆవిడకే తెచ్చి ఇస్తారు. కొడుకు ఓడ మీద ఉద్యోగం చేస్తాడు. ఆయన ఇంట్లో ఉండేది తక్కువ. అత్తాకోడళ్లు వాదించుకునేది ఎక్కువ.

ఆవిడకు ఎడమ రొమ్ము లేదు. ఎలకలమ్మ ఆ ఇంటికి కోడలుగా రాకముందే తీసేశారు. లోపల దూది పెట్టుకోమని చెప్పిన బంధువులకు ఆవిడ జవాబు చెప్పలేదు. టైలరుకు మాత్రం చెప్పింది. "ఉన్నదానికి కుట్టు. లేనిదానికి కుట్టకు."

"ఎలా ఉన్నారు మీ ఎలకలు?"

"ఓడిపోయారట అత్తయ్యా."

"అట ఏంటి? స్కోరు చూడలేదా?"

ఎలకలమ్మ ప్లేటు పెట్టుకోవడానికి నెట్‌ను కొంచెం జరిపి, రెండు గీతల సంగతి చెప్పింది. మందు తాగినవీ తాగనివీ ఒకేలా ఉన్నాయని చెప్పింది. ఒంటరి ఎలుక ఒక్కటే అందరికంటే అధ్వానంగా ఉందని చెప్పింది.

"తాగనివాళ్లంటే మా గుంపు," అంది అత్తగారు.

అది నిజం. ఆపరేషను అయ్యాక ఆవిడ ఒక కొత్త మందు పరీక్షలో చేరింది. పరీక్ష ముగిశాక ఆవిడకు కొత్త మందు పడలేదని, పాత మందే ఇచ్చారని చెప్పారు.

"మా గుంపు పేరు కంట్రోల్. మేం ఎవర్ని కంట్రోల్ చేశామో నాకిప్పటికీ తెలీదు. చివర్లో మీటింగు పెట్టి, కొత్త మందు పడ్డవాళ్ల గురించి గంటసేపు మాట్లాడారు. మా గురించి ఒక్కడంటే ఒక్కడు మాట్లాడితే ఒట్టు. నేను చెయ్యెత్తి అడిగా. నాయనా, మేం కూడా బతికే ఉన్నాం, మా సంగతేంటి అని."

"ఏమన్నారు?"

"టీ తాగమన్నారు." దారం కొరికి తెంపింది. "ఇప్పుడు నువ్వేం చేద్దామని?"

"శుక్రవారానికి రిపోర్టు మీద సంతకం పెట్టాలి. మందు పనిచెయ్యలేదని."

"చేసిందా?"

"తెలీదు. నాకు తెలీదనే నాకు తెలుసు. ఆయనేమో తెలిసిపోయిందంటున్నారు."

"అయితే పెట్టకు."

"అంత తేలికా? నేను పెట్టకపోతే ఆయన పెట్టేస్తారు. సీసాలు వెనక్కి పోతాయి. దాని మూత మళ్లీ ఎవ్వరూ తియ్యరు."

"అయినా పెట్టకు. ఆడి ఓడితే చెయ్యి కలిపి వస్తాం. ఆడారో లేదో తెలీనప్పుడు స్కోరు మీద సంతకం పెట్టమంటే నేను ఈల వాళ్ల మొహాన కొట్టి వచ్చేదాన్ని. కొట్టాను కూడా, ఒకసారి."

"ఏమైంది?"

"ట్రాన్స్‌ఫర్ చేశారు. అక్కడ గ్రౌండు ఇంకా పెద్దది." నెట్ మడిచి పక్కన పెట్టింది. "ఇదంతా నాకోసం అనుకునేవు. ఆ మందు మనుషుల దాకా వచ్చేసరికి నాకు పళ్లు కూడా మిగలవు. తిను."

*

మరునాడు ఎలకలమ్మ గౌను, టోపీ, చేతి తొడుగులు వేసుకుని ఎలుకల గదిలోకి వెళ్లింది. చేయవలసిన పనేమీ లేదు. మందు పోయడం మొన్ననే ఆపేశారు, కొలవడం అయిపోయింది. ఒక స్టూలు లాక్కుని బోనుల ముందు కూర్చుంది. ఆ గదిలో ఆమె ఎప్పుడూ నిలబడి పనిచేసిందే గానీ కూర్చుని చూసింది లేదు.

అన్నీ అరల్లో పేర్చిన, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ బోనులు. అడుగున చెక్క పొట్టు, మూలన కాగితపు పీలికల గూడు. ఒక్కో బోనులో ఐదు ఎలుకలు. ఆమె కళ్లెదుట ఉన్న బోనులో ఒకటి తొట్టిలోని మేత కొరుకుతోంది. రెండు గూట్లో పడుకున్నాయి. నాలుగోది తోక ఎత్తి, నాలుగు పెంటికలు వేసి పక్కకు పోయింది. ఐదోది వచ్చి వాసన చూసింది. ఒక పెంటిక తీసుకుని, వెనక కాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో పట్టుకుని తిన్నది. ఇంకొకటి తీసుకుంది.

ఎలకలమ్మ ముందుకు వంగి చెవులు చూసింది. వేసినది మందు గుంపు. తిన్నది నూనె గుంపు.

ఎలుకలు పెంటికలు తింటాయి. తమవీ తింటాయి, పక్కవాటివీ తింటాయి. ఎలుకలతో పనిచేసేవాళ్లలో అది తెలియనివాళ్లు ఉండరు. ఆమె కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేటప్పుడు ఆ మాట చెప్పేది, వాళ్లు మొహాలు చిట్లించుకునేవాళ్లు, ఆమె నవ్వేది. ఆ తర్వాత అందరూ మరచిపోయేవారు.

ఆమె మీసాల దొంగ బోను వైపు తిరిగింది. అది అట్ట గొట్టంలోంచి తల బయట పెట్టి చూస్తోంది. దాని గడ్డ పక్కటెముకల మీదికి వచ్చేసింది. దాని బోనులో ఉన్న పెంటికలన్నీ దానివే.

డాక్టరమ్మ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"ఇక్కడున్నావా? నీ రౌడీకి టైమైపోయింది. గడ్డ హద్దు దాటుతోంది. ఇవాళ సాయంత్రం లోపల తీసెయ్యాలి. శుక్రవారం దాకా ఆగను."

"సరే. నువ్వొకసారి ఇటు రా. ఇలా కూర్చో."

డాక్టరమ్మ కూర్చుంది. కాసేపు చూసింది.

"పెంటికలు తింటున్నాయి. అయితే?"

"ఎవరివి ఎవరు తింటున్నారో చూడు."

డాక్టరమ్మ చెవి నంబరు చూసింది. మళ్లీ చూసింది. స్టూలు మీది నుంచి లేచింది.

"అమ్మ బాబోయ్," అంది.

"మందులో సగం పైన ఒంట్లో కలవకుండానే బయటికి పోతోందని కెమిస్టు మొదట్లోనే చెప్పాడు. అందుకే డోసు పెంచాం. పెంచిందంతా ఎక్కడికి పోయిందనుకున్నావ్? నూనె గుంపు ఉత్త నూనె తాగలేదు. రోజూ మందు తిన్నది. పక్కనున్నవాళ్ల పెంట్లోంచి తిన్నది. తిననిది ఇదొక్కటే. దీనికి పక్కన ఎవరూ లేరు."

డాక్టరమ్మ పక్క బోనులోని చెవి నంబర్లు కూడా చూసింది. తర్వాత నిదానంగా అంది. "రెండు గుంపుల్నీ ఒకే బోనులో కలిపింది ఎవరు?"

"నేను."

"పాత పద్ధతిలో ఒక బోను మొత్తం మందు, ఒక బోను మొత్తం నూనె. అలా వద్దని పెద్దాయనతో గొడవపడింది ఎవరు?"

"నేనే. పై అరలో వెలుతురు ఎక్కువ, కింది అరలో చలి ఎక్కువ. బోనులవారీగా పంచితే మందును కొలిచినట్టు కాదు, అరను కొలిచినట్టు అన్నాను. తప్పు కాదు ఆ మాట. ఇంజెక్షను మందైతే ఇప్పటికీ అలాగే చేస్తాను. నోట్లో పోసే మందని ఆలోచించలేదు."

"ఇంత పెట్టుకుని పెద్దాయన దగ్గరికి పోతావా? చంపేస్తాడు."

"మందుని చంపకుండా ఉంటే చాలు."

సాయంత్రం లోపల అనుకున్న పని ఎలకలమ్మే చేసింది. మీసాల దొంగకు మత్తు ఇచ్చి, గుండెలోంచి రక్తం తీసి, అది మళ్లీ లేవకుండా చూసింది. చివరి దాకా చెయ్యి దాని మీదే ఉంచింది. బోను కడగడానికి పంపే ముందు అట్ట గొట్టం తీసి చెత్తబుట్టలో వేసింది. మిగతా నూనె గుంపు ఎలుకల నుంచీ, మందు గుంపు నుంచీ కొన్నిటి తోకల్లోంచి చుక్క చుక్క రక్తం తీసుకుంది. అన్నీ ట్యూబుల్లో, నంబర్లతో.

*

పెద్దాయన అంతా విన్నాడు. మధ్యలో ఆపలేదు. అది ఆయన అలవాటు. కోర్టులో జడ్జి అయితే బాగుండేవాడని కెమిస్టు అంటుంటాడు.

"అంటే నా మూడు నెలల గదీ, వాళ్ల మందూ, ఇన్ని ఎలకలూ నీ తెలివి వల్ల బూడిదలో పోశామంటావు."

"అంటాను సార్."

"అది రిపోర్టులో రాస్తే నీకేమవుతుందో తెలుసా? ఈసారి ప్రమోషను లిస్టులో నీ పేరుంది."

"తెలుసు."

"రాయకపోతే ఏమవుతుంది? మందు పనిచెయ్యలేదని ఒక్క వాక్యం. మందులు పనిచెయ్యకపోవడం రోజూ జరిగేదే. ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. నీకూ మంచిది, నాకూ మంచిది."

"మందుకి మంచిది కాదు. ఆ మందు కావలసినవాళ్లకి మంచిది కాదు."

"అబ్బో. పనిచేస్తుందని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. పనిచెయ్యదని కూడా ఎవరూ చెప్పలేదు. మనం అడగనేలేదు సార్. రెండు గుంపులకీ మందు పోసి, రెండూ ఒకేలా ఉన్నాయేంటని కూర్చున్నాం."

"ఒక్క ఒంటరి ఎలకతో సిద్ధాంతం కట్టకూడదు. ఆ పాఠం నీకు నేనే చెప్పాను."

"సిద్ధాంతం కట్టట్లేదు. రక్తం చూడమంటున్నాను. నూనె గుంపు రక్తంలో మందు లేకపోతే ఆ ఒక్క వాక్యం నేనే రాసి సంతకం పెడతాను."

"ప్రాజెక్టు మూసేశాం. మూసేసిన ప్రాజెక్టుకి మెషిన్ ఇవ్వను. ఎముకలవాళ్ల శాంపిళ్లు క్యూలో ఉన్నాయి." ఆయన కళ్లజోడు తీశాడు. "ఇక వెళ్లమ్మా. రిపోర్టు రేపు నా బల్ల మీద ఉండాలి."

ఎలకలమ్మ కదలలేదు.

"సంతకం పెట్టను సార్."

"నేను పెడతాను."

"పెట్టండి. కింద నేను ఒప్పుకోలేదని ఒక లైను రాయండి. శుక్రవారం ఎలకల్ని తీసెయ్యమన్నారు, అదీ చెయ్యను. వేరేవాళ్లకి చెప్పండి."

"ఇది నీ ఇల్లనుకుంటున్నావా?"

"ఇల్లయితే ఇంత మర్యాదగా మాట్లాడను సార్. తప్పు నాది. మందుది కాదు. నా తప్పు తీసుకెళ్లి దాని నెత్తిన పెడితే చూస్తూ ఊరుకోను."

తలుపు దగ్గర డాక్టరమ్మ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో ఇద్దరికీ తెలియదు.

"నేను ఆమె తరఫున రాలేదు సార్," అంది. "ఎలకల తరఫున వచ్చాను. ఒక జంతువుని చంపే ముందు దాన్నుంచి తెలుసుకోగలిగింది తెలుసుకోవాలని మన రూలు. తలుపు మీద అంటించింది మీరే. ఆ రక్తం చూడకుండా అన్నిటినీ తీసెయ్యమంటే కాగితం మీద నేను ఒప్పుకోలేను."

"నువ్వు కూడానా?"

"ఆమెని నేనూ తిట్టాను సార్. తీరిగ్గా ఇంకా తిడతాను. ముందు రక్తం చూద్దాం."

పెద్దాయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. వాళ్లిద్దరూ అక్కడే నిలబడ్డారు. పొమ్మని ఆయన అనలేదు.

"గురువారం మధ్యాహ్నం మెషిన్ ఖాళీ ఉంటుంది," అన్నాడు చివరికి, కిటికీతో.

*

కెమిస్టు ట్యూబులు అందుకుంటూ నంబర్లు చూసుకున్నాడు.

"మేడం, ఒక సందేహం. శాంపిల్ ఎందుకు పంపారో ఒక గడి ఉంది. అందులో ఏం రాయను? పెంట తిన్నందుకు అని రాయనా?"

"రాయండి. నిజమే కదా."

"నా చదువుకి ఇదొక్కటే తక్కువైంది. మా ఆవిడ సాయంత్రం ఏం చేశావని అడుగుతుంది. ఏమని చెప్పను?"

"ఎలకలమ్మ పరువు తీశానని చెప్పండి."

"అది ఆవిడకి వార్త కాదు. రోజూ చెప్పేదే."

ముందు శుభ్రమైన ద్రావణం పంపించాడు. తెర మీద గీత చదునుగా పోయింది. మందు గుంపు ఎలుక రక్తం పంపించాడు. మందు ఉండవలసిన చోట గీత కొండలా లేచింది. మెషిన్లో ఆ మందు తాలూకు మరక మిగలకుండా మళ్లీ శుభ్రమైన ద్రావణం పంపాడు. చదును. ఆ తర్వాత మీసాల దొంగ రక్తం.

చదును.

"దీనికి పడలేదు," అన్నాడు కెమిస్టు. ఇప్పుడు అతని గొంతులో వేళాకోళం లేదు. "తర్వాతది, బోనులో కలిసి ఉన్న నూనె ఎలక."

ఎలకలమ్మ కుర్చీ వెనక నిలబడి రెండు చేతులతో కుర్చీని పట్టుకుంది. గీత చదునుగా వచ్చింది, చదునుగా సాగింది, మందు ఉండవలసిన చోటికి వచ్చింది.

లేచింది.

మందు గుంపు కొండంత కాదు. అందులో నాలుగో వంతు ఉంటుంది. కానీ లేచింది. కెమిస్టు ఇంకో నూనె ఎలుక రక్తం పంపాడు. లేచింది. ఇంకొకటి. లేచింది. మధ్య మధ్య శుభ్రమైన ద్రావణం పంపుతూనే ఉన్నాడు. అది చదునుగానే పోతోంది. మీసాల దొంగ రక్తం మళ్లీ పంపాడు. చదును.

"పైకి ఫోన్ చెయ్యనా?" అన్నాడు.

"చెయ్యండి."

పెద్దాయన మెట్లు దిగి వచ్చాడు. అన్ని గీతలూ వరసగా చూశాడు. మొదటి నుంచి ఇంకోసారి చూపించమన్నాడు. కాసేపు తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగి నిలబడ్డాడు.

"నాలుగో వంతు మందు పడ్డవి కూడా పూర్తి మందు పడ్డవాటిలాగే ఉన్నాయంటే," అని ఆగాడు. తనలో తనే మాట్లాడుకుంటున్నట్టు. "డోసు అంత అక్కర్లేదేమో."

"లేకపోతే అసలు పనే చెయ్యట్లేదేమో," అంది ఎలకలమ్మ. "కణాలు నిజంగానే మందగించాయేమో. మీసాల దొంగది దిగులేనేమో. అదీ అవ్వొచ్చు సార్. మళ్లీ చేస్తే తప్ప తెలీదు."

పెద్దాయన ఆమె వైపు తిరిగాడు. "నీ పక్షాన నువ్వే వాదించుకోలేవా?"

"నేను నా పక్షం కాదు సార్."

ఆయన మెట్లెక్కేటప్పుడు వెనక్కి చూడకుండా చెప్పాడు. మందు సీసాలు వెనక్కి పంపడం ఆపుతానని చెప్పాడు. ఎముకలవాళ్లకు సగం గదే ఇస్తానని, వాళ్లు తన ప్రాణం తీస్తారని చెప్పాడు. రిపోర్టు మొదటి పేరాలోనే ఏం జరిగిందో, ఎవరి వల్ల జరిగిందో ఉండాలని చెప్పాడు. కొత్త ప్రయోగం ఎలా చేయాలో డాక్టరమ్మ నిర్ణయిస్తుందని, ఎలకలమ్మ ఆమె కింద పనిచేస్తుందని చెప్పాడు.

"ప్రమోషను సంగతి నన్నడగకు," అన్నాడు మలుపులోంచి.

"అడగలేదు సార్."

*

రిపోర్టు మొదటి పేరా ఎలకలమ్మ ఆ సాయంత్రమే రాసింది. నోటి ద్వారా ఇచ్చే మందును పరీక్షించేటప్పుడు మందు గుంపునూ నూనె గుంపునూ ఒకే బోనులో ఉంచకూడదు, ఉంచాలని పట్టుబట్టింది నేను, అందువల్ల ఈ ప్రయోగం నుంచి మందు పనిచేస్తుందని గానీ చేయదని గానీ చెప్పలేము. పెద్దాయన దాన్ని చదివి, కొంచెం మెత్తగా రాయవచ్చు కదా అన్నాడు. ఆమె ఒక్క మాట కూడా మార్చలేదు. ఈసారి సంతకం పెట్టింది. ఆ తర్వాత వచ్చిన ప్రమోషను లిస్టులో ఆమె పేరు లేదు. ఎముకలవాళ్లలో ఒకరి పేరు ఉంది. అతను స్వీట్లు పంచితే ఆమె రెండు తీసుకుంది. ఒకటి అత్తగారికి.

అత్తగారు ఆ స్వీటు తింటూ విషయమంతా రాబట్టింది.

"అయితే ఆ నూనె గుంపు గురించి చివరికి ఒకళ్లు అడిగారన్నమాట."

"అడిగారు."

"నువ్వేనా?"

"నేనే. వాళ్లకి అన్యాయం చేసింది కూడా నేనే."

"అది వేరే ఆట. దాని స్కోరు వేరు." చేతులు దులుపుకుంది. "ట్రాన్స్‌ఫర్ కూడా చెయ్యలేదంటే మీ పెద్దాయన మంచివాడే. మళ్లీ మొదలెప్పుడు?"

"ఎలకలు వచ్చాయి. సోమవారం కణాలు ఎక్కిస్తాం."

కొత్త ప్రయోగానికి డాక్టరమ్మ పెట్టిన షరతుల్ని ఎలకలమ్మ గది తలుపు మీద అంటించింది. ఒక బోనులో ఒకే గుంపు. రెండు గుంపుల బోనులూ ప్రతి అరలోనూ ఉండాలి. వారం వారం అరలు మార్చాలి. ఒక బోను పొట్టు ఇంకో బోనులో పడకూడదు. ఎలుకలు కిందటిసారి కంటే తక్కువ. ఇంతకంటే ఇవ్వనని డాక్టరమ్మ చెప్పింది. ఎలకలమ్మ బేరమాడలేదు.

మందు మొదలుపెట్టిన పొద్దున పెద్దాయన కూడా గదిలోకి వచ్చాడు. గౌను ఆయనకు పొట్టిగా ఉంది. ఆమె ఎలుకను దోసిట్లోకి తీసుకుని, చెవి చూసి, నంబరు పైకి చదివి, సిరంజి అందుకోవడం చూస్తూ నిలబడ్డాడు.

"ఈసారి కూడా రెండు గీతలూ కలిసి పడుకుంటే?" అన్నాడు.

ఆమె గొట్టం దించి, మందో నూనెనో తనకు తెలియని ఆ చుక్కలు పోసి, గొట్టం తీసింది. ఎలుకను దాని బోనులో వదిలింది. అది పొట్టులో దూరింది.

"అప్పుడు మందు ఓడిపోయిందని నేనే రాస్తాను సార్. పెద్ద అక్షరాలతో రాస్తాను. సంతకం కూడా ముందు నాదే." చెయ్యి చాపింది. "పక్కకి జరగండి. తర్వాతి బోను మీ వెనకాల ఉంది."

ఆయన జరిగాడు.